కడుపు నిండిన బిడ్డకీ రక్తం చాలకపోవచ్చు: ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా ఏం చూడాలి, ఏం పెట్టాలి, ఐరన్ మందు ఎలా వేయాలి

ఏడాదిన్నర పిల్లవాడి ఒక రోజు తిండి చూద్దాం. సార్వా నాట్ల రోజులు. తల్లి చీకటితోనే చేలోకి వెళ్ళింది, పిల్లవాడు మామ్మ దగ్గరున్నాడు. లేవగానే సీసాతో గేదెపాలు, ఓ గంటకి టీలో ముంచిన రెండు బిస్కెట్లు, పదింటికి మళ్ళీ పాలు. మధ్యాహ్నం పప్పు మీది తేట పోసి పిసికిన అన్నం నాలుగు ముద్దలు. నిద్ర లేచాక అరటిపండు, సాయంత్రం పాలు, రాత్రి పెరుగన్నం, పడుకునే ముందు ఇంకో సీసా. పిల్లవాడు పేచీ పెట్టలేదు, బొద్దుగానే ఉన్నాడు, మామ్మ ఏ లోటూ చేయలేదు.

ఇప్పుడు ఇనుము లెక్క వేద్దాం. ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లలకు రోజుకు 8 మి.గ్రా. ఇనుము కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో ఉండేది 1 మి.గ్రా. కన్నా తక్కువ. పిల్లవాడు తిన్నది అందులో సగమో, ముప్పాతికో. పాలలోనూ పెరుగులోనూ ఇనుము లెక్కలోకి రానంత తక్కువ. పప్పు గిన్నె అడుగునే ఉండిపోయింది, పిల్లవాడికి వచ్చింది నీళ్ళే. బిస్కెట్లు, అరటిపండు కలిపినా ఆ రోజు మొత్తం సుమారు 2 మి.గ్రా. దాటదు. ఆ కాస్తలోనూ కొంత టీ పట్టి ఉంచేసింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ గోదావరి డెల్టాలో అన్నానికి కొదవ లేదు, ప్రతి ఊళ్ళో పాడి ఉంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశం మొత్తం మీద అది 67.1 శాతం. మన వైపు ఈ సమస్యకు ఆకలి ఒక్కటే కారణం కాదు. పాలతో, తెల్లన్నంతో పిల్లల చిన్న పొట్ట నిండిపోయి, ఇనుము ఉన్న తిండికి అందులో చోటు దొరకడం లేదు. కింద చెప్పేదంతా ఆ చోటు ఎలా సంపాదించాలన్నదే.

ఎవరికి ముప్పు ఎక్కువ

బిడ్డ పుట్టేటప్పుడు తల్లి దగ్గర నుంచి కొంత ఇనుము నిల్వ తెచ్చుకుంటుంది. నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డకు ఆ నిల్వ నాలుగు నుంచి ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలలో ఇనుము కొద్దిగానే ఉన్నా అందులో దాదాపు సగం ఒంటికి పడుతుంది. అందుకే మొదటి ఆరు నెలలూ తల్లిపాలు చాలు. ఆ తర్వాత నిల్వ అయిపోతుంది, బిడ్డేమో వేగంగా పెరుగుతూనే ఉంటుంది. ఆరో నెల నుంచి రెండేళ్ళ దాకా ప్రమాదం ఎక్కువగా ఉండేది అందుకే. మెదడు చకచకా పెరిగే కాలం కూడా అదే. అప్పుడు ఇనుము తక్కువైతే చురుకుదనం, మాట, నేర్చుకోవడం వెనకబడతాయి. తర్వాత రక్తం పెరిగినా ఆ వెనకబాటు పూర్తిగా పూడకపోవచ్చు.

నిల్వ మొదటే తక్కువగా ఉండే పిల్లలు కొందరున్నారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, పుట్టినప్పుడు రెండున్నర కిలోల లోపు ఉన్నవాళ్ళు, కవలలు, గర్భంతో ఉన్నప్పుడు తల్లికి రక్తం తక్కువైనవాళ్ళు, రెండేళ్ళు తిరక్కుండానే వచ్చిన రెండో కాన్పు పిల్లలు. తక్కువ బరువుతోనో నెలలు తక్కువగానో పుట్టిన బిడ్డకు ఆరు నెలల దాకా ఆగకూడదు. రెండు నెలలు వచ్చేసరికల్లా ఐరన్ చుక్కలు మొదలుపెట్టాలా అని పిల్లల డాక్టరును అడగండి, మోతాదు వాళ్ళే చెబుతారు.

కాన్పు దగ్గరలో ఉన్నవాళ్ళు ముందుగా అడిగి పెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. బిడ్డ బయటికి రాగానే బొడ్డుతాడు కోసేయకుండా 1 నుంచి 3 నిమిషాలు ఆగితే, మాయలో ఉన్న రక్తం బిడ్డకు చేరి నెలల తరబడి ఉపయోగపడుతుంది. బిడ్డకు వెంటనే ఊపిరి అందించాల్సిన అవసరం వస్తే తప్ప ఆగవచ్చు. ఆసుపత్రిలో చేరిన రోజునే నర్సమ్మకు చెప్పి ఉంచండి.

పుట్టాక వచ్చే ముప్పు చాలావరకు మన చేతుల్లోదే: అన్నప్రాసన ఆలస్యం కావడం, అన్నప్రాసన నాడు పాయసం నాకించి మళ్ళీ నెలల తరబడి పాలతోనే సరిపెట్టడం, ఏడాది లోపే తల్లిపాలు మాన్పించి గేదెపాలకో ఆవుపాలకో మార్చడం, తరచూ విరేచనాలు, జ్వరాలు, నులిపురుగులు. బాలింత పథ్యం పేరుతో తల్లికి నెలల తరబడి కారప్పొడి అన్నమే పెడితే బిడ్డకు నేరుగా ఇనుము తగ్గకపోవచ్చు గానీ, తల్లి రక్తం పడిపోతుంది, ఆమె పాలలో విటమిన్ బీ12 పడిపోతుంది. శాకాహార కుటుంబాల్లో ఇది మరీ గమనించాలి. పాలు తాగే బిడ్డ పాలిపోయి, చేతివేళ్ళ కణుపులు నల్లబడి, అప్పటిదాకా నవ్విన, మెడ నిలిపిన బిడ్డ మందగించి చేతులు వణికిస్తుంటే అది బీ12 లోపం కావచ్చు. ఐరన్ మందుతో అది తగ్గదు, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

అరచెయ్యి చూడడం

పగటి వెలుతురులో, కిటికీ దగ్గరో అరుగు మీదో బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. బిడ్డ చెయ్యిని కింది నుంచి మీ చేత్తో పట్టుకుని దానంతట అదే తెరుచుకోనివ్వండి. వేళ్ళను వెనక్కి వంచి చాపకూడదు. చాపితే చర్మం బిగిసి, రక్తం పక్కకు పోయి, మంచి రక్తమున్న చెయ్యి కూడా తెల్లగా కనిపిస్తుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఇప్పుడు మీ అరచెయ్యి దాని పక్కన పెట్టి రంగు పోల్చండి. తల్లికే రక్తం తక్కువైతే రెండూ ఒకేలా కనిపించి మోసపోతారు, కాబట్టి ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మరొకరి చెయ్యి కూడా చూడండి. కొద్దిగా పాలిపోతే పరీక్షకు తీసుకెళ్ళాలి. కాగితంలా తెల్లగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆషాఢంలో గోరింటాకు పెట్టిన చెయ్యి ఏమీ చెప్పదు. అప్పుడు కింది కనురెప్పను మెల్లగా లాగి లోపలి ఎరుపు చూడండి, నాలుక చూడండి.

ఇవి కాక మట్టి, సుద్ద, బలపాలు, గోడ పెచ్చులు, పచ్చి బియ్యం తినడం ఇనుము లోపానికి పెద్ద గుర్తు. కొట్టి మాన్పిస్తే మానేది కాదది, ఇనుము అందాక చాలామందిలో దానంతట అదే పోతుంది. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి, నీలంగా మారి, ఒక్క క్షణం వాలిపోతే గుక్కపట్టాడంటాం. దిష్టి అనుకుని తాయెత్తు కట్టే ముందు రక్తం పరీక్ష చేయించండి. గుక్కపట్టే పిల్లల్లో ఇనుము లోపం తరచూ కనిపిస్తుంది, ఐరన్ వేస్తే గుక్కలు తగ్గుతాయి. ఆకలి లేకపోవడం, చిరాకు, ఆట మధ్యలో కూలబడడం, మాటిమాటికీ జబ్బు చేయడం కూడా గుర్తులే. అయితే కొద్దిపాటి రక్తహీనత పైకి ఏమీ కనిపించదు. అందుకే బిడ్డ బాగానే ఉన్నా 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, రెండేళ్ళ లోపు మరోసారి పరీక్ష చేయించడం మంచిది.

ఎగశ్వాస, గుండె దడ, కాళ్ళ వాపు, పాలు కూడా తాగలేని నీరసం కనిపిస్తే తిండి, టానిక్కుల ఆలోచన పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

పరీక్ష, అంకెలు

పీహెచ్‌సీలోనూ, నెలనెలా ఊళ్ళో జరిగే ఆరోగ్య పోషణ దినం నాడూ వేలు గుచ్చి హెచ్‌బీ (డెసీలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ ఎన్ని గ్రాములుందో) చూస్తారు. చెయ్యి చల్లగా ఉంటే ముందు రుద్ది వెచ్చబరచాలి. తుడిచిన స్పిరిట్ ఆరాలి. మొదటి చుక్క తుడిచేయాలి. తర్వాతి చుక్క దానంతట అదే ఊరాలి. వేలు పిండితే ఒంటినీరు కలిసి రక్తం పలచబడి హెచ్‌బీ తక్కువ చూపిస్తుంది. ఫలితం నమ్మేలా లేకపోతే నరం నుంచి తీసిన రక్తంతో సీబీసీ (రక్తకణాల పూర్తి లెక్క) చేయించండి.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో హెచ్‌బీ 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. 10 నుంచి 10.9 దాకా స్వల్పం, 7 నుంచి 9.9 దాకా మధ్యస్థం, 7 లోపు తీవ్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో రెండేళ్ళ లోపు పిల్లలకు హద్దును 10.5కు మార్చింది. కాబట్టి పది నెలల బిడ్డకు 10.7 వస్తే ఒక డాక్టరు ఉందని, మరొకరు లేదని అనవచ్చు, ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. ఏడు లోపు వస్తే మాత్రం పీహెచ్‌సీతో సరిపెట్టకూడదు, పిల్లల డాక్టరు, రక్తం ఎక్కించే సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి.

ఉగ్గు మార్చండి

మన ఉగ్గు మంచి తిండే. తేడా వచ్చేది రెండుచోట్ల: బియ్యం వంతు ఎక్కువ కావడం, మరీ నీళ్ళగా కాచడం. నాలుగు గ్లాసుల పిండికి కొలతలు ఇలా మార్చండి: రాగులు రెండు గ్లాసులు, బియ్యం ఒక గ్లాసు, పెసరపప్పు ఒక గ్లాసు. వేరుశనగ గుళ్ళు అర గ్లాసు కలిపితే బలం. కొన్ని ఊళ్ళలో రాగుల్ని చోళ్ళంటారు, అవే. రాగుల్ని కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంపేసి, తడి గుడ్డలో మూటకట్టి ఒక రోజు ఉంచండి. తెల్ల మొలక కనబడగానే నీడన ఆరబెట్టి దోరగా వేయించాలి. మొలకెత్తించడం రుచి కోసం కాదు. ధాన్యం పైపొరలో ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టి ఉంచుతుంది, నానబెట్టి మొలకెత్తిస్తే అది తగ్గుతుంది. మిగతావి విడివిడిగా వేయించి, అన్నీ కలిపి మెత్తగా మర ఆడించి గాలి చొరని డబ్బాలో పోయండి. వానాకాలం పిండి ముక్కిపోతుంది, పదిహేను రోజులకు సరిపడానే చేసుకోండి.

ఒక పూటకు మూడు పెద్ద చెంచాల పిండి, అంటే సుమారు 30 గ్రాములు, చల్లటి నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి సన్నటి సెగ మీద ఉడికించాలి. పాలతో కాదు, నీళ్ళతోనే. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. దించాక అర చెంచా నెయ్యి, గోరువెచ్చగా అయ్యాక నాలుగైదు చుక్కల నిమ్మరసం. చెంచా వంచితే ఉగ్గు జారిపోకుండా నిలవాలి. జారిపోతే నీళ్ళు ఎక్కువైనట్టు.

ఆరేడు నెలల్లో రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, రోజుకు రెండు మూడు సార్లు, మెల్లగా 250 మి.లీ. గిన్నెలో సగానికి తీసుకురండి. తొమ్మిది నెలలకు అర గిన్నె చొప్పున మూడు నాలుగు సార్లు. ఏడాది దాటాక ముప్పాతిక నుంచి నిండు గిన్నె మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్ళు. తల్లిపాలు రెండేళ్ళ దాకా సాగాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా ఇలాగే నీళ్ళతో చిక్కగా ఉడికించి పెట్టొచ్చు, అది ఇంట్లో పెద్దవాళ్ళ లడ్డూలకు పోకుండా చూసుకోండి.

పప్పన్నం పెట్టేటప్పుడు తేట వద్దు, అడుగున ఉన్న పప్పే తీసి మెదపండి. తోటకూరో, మునగాకో గుప్పెడు అందులోనే ఉడికించండి. ఆకుకూరల గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. వాటిలో ఇనుము ఉంది గానీ ఒంటికి పట్టేది చాలా కొద్ది. నిమ్మరసం పిండినా, పక్కన జామపండు గుజ్జు పెట్టినా విటమిన్ సీ వల్ల రెండింతలు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టవచ్చు. అప్పటికీ, ఒకసారి హెచ్‌బీ పడిపోయాక మునగాకుతోనే పైకి తేవాలనుకోవడం పొరపాటు. తిండి మళ్ళీ పడిపోకుండా కాపాడుతుంది, పడిపోయినదాన్ని లేపేది మందు.

మాంసాహారం తినే ఇళ్ళకు డెల్టాలో మంచి వీలుంది. కోడి కార్జం 30 గ్రాములు, అంటే ఒక చిన్న ముక్క, బాగా ఉడికించి పప్పన్నంలో మెదిపితే రెండు మూడు మి.గ్రా. ఇనుము, అదీ ఒంటికి తేలిగ్గా పట్టే రకం. వారానికి ఒకటి రెండు సార్లు చాలు, కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ కాబట్టి రోజూ వద్దు. చేపలో ఇనుము కార్జమంత లేదు. కానీ చేప, మాంసం ఏదైనా కాస్త కలిస్తే అదే ముద్దలో ఉన్న పప్పు, ఆకుకూరల ఇనుము కూడా ఎక్కువ పడుతుంది. చిన్నపిల్లలకు కొరమీను మేలు, సన్నముళ్ళ బాధ తక్కువ. శీలావతి పెడితే వేళ్ళతో నలిపి ప్రతి ముల్లూ ఏరాలి. ఏడాది దాటిన పిల్లలకు ఎండు రొయ్యలు తల, తోక తీసి, ఉప్పు పోయేలా వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి, వేయించి పొడి కొట్టి పావు చెంచా అన్నంలో కలపొచ్చు. గుడ్డు మంచిదే, మాంసకృత్తులకు, బీ12కు. ఇనుముకు మాత్రం దాన్ని నమ్ముకోకండి, ఒక గుడ్డులో ఉండేది సుమారు 1 మి.గ్రా., అందులో పట్టేది కొంచెమే.

బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందంటారు. రెండింటిలోనూ 100 గ్రాములకు 1 మి.గ్రా. ఇనుము కూడా లేదు. ఆ డబ్బుతో కార్జమో, పెసరపప్పో, వేరుశనగో కొనండి. బెల్లంలో కొంత ఉన్నా, పిల్లలు తినే చెంచాడులో వచ్చేది నామమాత్రం. ఇనుప మూకుడు మాత్రం నిజంగా పనిచేస్తుంది. టమాటా, చింతపండు పులుపు ఉన్న పప్పు, పులుసు అందులో ఉడికితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండాక వేరే గిన్నెలోకి తీసేయండి, అందులోనే ఉంచితే తుప్పు రుచి వస్తుంది.

రేషన్ బియ్యంలోనో, అంగన్‌వాడీ బియ్యంలోనో కాస్త తేడా రంగు గింజలు అక్కడక్కడ కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తుంటారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన పోషక గింజలు, వందకు ఒకటి చొప్పున కలుపుతారు. ఏరకండి, బియ్యం మరీ ఎక్కువసార్లు కడగకండి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే మాత్రం ఈ బియ్యం గురించి డాక్టరును అడగాలి.

పాలు, టీ

ఏడాది లోపు బిడ్డకు గేదెపాలు, ఆవుపాలు ప్రధాన ఆహారం కాకూడదు. వాటిలో ఇనుము లేకపోవడం ఒక్కటే కాదు, ఆ వయసులో ఆవుపాలు కొందరి పేగుల్లో కంటికి కనబడనంత రక్తస్రావం కలిగిస్తాయి. ఏడాది దాటాక రోజుకు 400, మహా అయితే 500 మి.లీ. చాలు. మాన్పించడం కష్టమంటారు. నిజానికి కష్టం సీసాతోనే. పాలు గ్లాసుతో ఇస్తే పిల్లవాడు తనంతట తానే తక్కువ తాగుతాడు. ముందు పగటి సీసా తీసేయండి, వారం తర్వాత రాత్రిది. అన్నం ముందు పెట్టండి, పాలు అన్నానికి గంటన్నర దూరంగా. రెండు మూడు రోజులు మారాం చేస్తాడు, తర్వాత ఆకలి మొదలవుతుంది.

టీ చుక్క కూడా వద్దు. రస్కు ముంచిన టీ కూడా టీనే. నాట్లకు, కోతలకు వెళ్ళే తల్లులు వెళ్ళేముందు పొద్దుటి ఉగ్గు కాచి, మధ్యాహ్నానికి పప్పు, ఆకుకూర కలిపి మెదిపిన అన్నం విడిగా మూతపెట్టి, పెట్టాల్సిన కొలత గిన్నెను కూడా మామ్మ చేతికి ఇవ్వండి. ‘ఏదో ఒకటి పెట్టు’ అంటే మామ్మ చేతికి ముందు దొరికేది బిస్కెట్టే.

ఐరన్ మందు: కొలత దగ్గరే తప్పులు

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా ప్రతి బిడ్డకూ, రక్తం బాగున్నా సరే, వారానికి రెండుసార్లు 1 మి.లీ. ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్ వేయాలి. ఆశా కార్యకర్తో, ఏఎన్‌ఎమ్మో 50 మి.లీ. సీసా ఇస్తారు. ఆ సిరప్ ఒక్క మి.లీ.లో 20 మి.గ్రా. ఇనుము ఉంటుంది. బుధవారం, శనివారం టీకాల రోజులుగా అందరికీ గుర్తుంటాయి, అవే పెట్టుకుని కేలండర్‌లో టిక్కు కొట్టండి.

హెచ్‌బీ 7 నుంచి 10.9 మధ్య వస్తే మందు రోజూ వేయాలి. మోతాదు బరువును బట్టి, కిలోకు రోజుకు 3 మి.గ్రా. ఇనుము లెక్కన, రెండు నెలలు. ఇక్కడే తప్పు జరుగుతుంది. మందుల షాపులో దొరికే సిరప్‌లు ఒక్కోటి ఒక్కో బలం. ఒకదానిలో 5 మి.లీ.కి 30 మి.గ్రా., ఇంకోదానిలో 5 మి.లీ.కి 50, చుక్కల మందుల్లో ఇంకా చిక్కగా ఉంటుంది. ఏడు కిలోల బిడ్డను తీసుకోండి. కావాల్సింది 21 మి.గ్రా. ప్రభుత్వ సిరప్ అయితే 1 మి.లీ. సరిపోతుంది. 5 మి.లీ.కి 30 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 3.5 మి.లీ. కావాలి. షాపు సిరప్ అయిపోయిందని అదే 3.5 మి.లీ. ప్రభుత్వ సీసా నుంచి పోస్తే 70 మి.గ్రా. వెళ్తుంది, మూడింతలకు పైనే. తిరగేసి చేస్తే మోతాదు మూడో వంతు కూడా అందక, రెండు నెలలైనా హెచ్‌బీ కదలదు. సీసా మారినప్పుడల్లా లేబుల్ మీద ‘ఎలిమెంటల్ ఐరన్’ (మందులోని అసలు ఇనుము) అన్న అంకె చూపించి డాక్టరుతో కొత్త కొలత రాయించుకోండి. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు, మందుతో వచ్చిన డ్రాపరో, సూది లేని సిరంజీయో వాడండి.

వేసే పద్ధతి: తిండి తిన్న అరగంట, గంట తర్వాత, పాలకు దూరంగా. బుగ్గ లోపలివైపు, నాలుక వెనకగా మెల్లగా వదలండి. ముందు పళ్ళ మీద పడితే నల్ల మరకలు పడతాయి. అవి శాశ్వతం కాదు, మందు వేశాక నాలుగు చెంచాల నీళ్ళు పట్టి పళ్ళు తుడిస్తే చాలావరకు పడవు. మందును పాలసీసాలో కలపడం మామూలుగా జరిగే పొరపాటు. పాలు సగమే తాగితే మందూ సగమే పోతుంది, పోయినదాన్నీ పాలు పట్టనివ్వవు. విరేచనం నల్లగా, ముదురు ఆకుపచ్చగా అవుతుంది, భయపడొద్దు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం చూపించాలి. కడుపునొప్పి, మలబద్ధకం వస్తే మానేయకుండా అడగండి, మోతాదు రెండుగా విడగొట్టడమో మందు మార్చడమో చేస్తారు. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెట్టింపు వేయొద్దు.

జ్వరం, విరేచనాలు, నిమ్ము ఉన్న రోజుల్లో ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టండి. బాగా చిక్కి శల్యమైన బిడ్డకు ముందు పోషకాహార వైద్యం, ఐరన్ ఎప్పుడన్నది డాక్టరు నిర్ణయం. తలసీమియా ఉన్న బిడ్డకు, పదేపదే రక్తం ఎక్కిస్తున్న బిడ్డకు ఐరన్ మందు వేయకూడదు.

లంక గ్రామాల వాళ్ళు జులై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజులకు ముందే ఒక సీసా సిరప్, ఉగ్గుపిండి డబ్బా, ఓఆర్‌ఎస్ పొట్లాలు అటక మీద సిద్ధంగా ఉంచుకోవాలి. పడవల మీద రాకపోకలు సాగే వారం పది రోజుల్లోనే మందు ఆగిపోతుంది, తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం మర్చిపోతారు.

నులిపురుగులు

కొంకిపురుగు తడి నేలలో ఉండి ఉత్తికాళ్ళ చర్మం గుండా లోపలికి వెళ్ళి, పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. కాలవగట్టున ఆరుబయట విసర్జన జరిగే చోట పిల్లల్ని ఉత్తికాళ్ళతో వదలొద్దు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల దినం నాడు ఆల్బెండజోల్ వేస్తారు. ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య పిల్లలకు 200 మి.గ్రా., అంటే సగం మాత్ర, పొడిచేసి నీళ్ళతో. రెండేళ్ళు దాటితే 400 మి.గ్రా. మాత్ర ఒకటి, మూడేళ్ళ దాకా పొడిచేసి నీళ్ళతో, ఆ తర్వాత నమిలించి. ఏడాది లోపు వేయరు. పొలమారే ప్రమాదం ఉంది కాబట్టి చిన్నపిల్లలకు మాత్రను అలాగే నోట్లో పెట్టకూడదు.

నెల దాటినా హెచ్‌బీ పెరగకపోతే

మందు సరిగా పడుతుంటే నాలుగు వారాల్లో హెచ్‌బీ సుమారు 1 గ్రాము పెరుగుతుంది. ఆకలి, హుషారు అంతకన్నా ముందే తిరిగి వస్తాయి. చిక్కు అక్కడే: పిల్లవాడు ఆడుతున్నాడని మూడో వారంలోనే సీసా మూలన పడేస్తారు. నిల్వలు నిండడానికి ఇంకా నెలలు పడుతుంది. హెచ్‌బీ 11కు చేరాక కూడా ఎన్నాళ్ళు వేయాలో డాక్టరును అడిగి, ఆ తర్వాత వారానికి రెండుసార్ల పద్ధతికి మారండి.

పెరగకపోతే ముందు సీసా ఎత్తి చూడండి. రోజుకు 1 మి.లీ. చొప్పున నెలకు 30 మి.లీ. తగ్గి ఉండాలి. తగ్గకపోతే మందు బిడ్డ కడుపులోకి వెళ్ళలేదు, ఎవరో ఒకరు ‘వాంతి చేస్తాడని’ మానేసి ఉంటారు. మందు సరిగానే వేశామంటే సీబీసీలో ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు), ఎర్రకణాల సంఖ్య (మిలియన్లలో) చూడాలి. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 కన్నా తక్కువ వస్తే తలసీమియా లక్షణం (తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యుదోషం) ఉండొచ్చన్న అనుమానం. ఉదాహరణకు ఎంసీవీ 62, ఎర్రకణాలు 5.4 అయితే 11.5 వస్తుంది. ఇది సూచన మాత్రమే, తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. తల్లిదండ్రులిద్దరూ చేయించుకోవడం రాబోయే కాన్పుకు కూడా అవసరం. ఏజెన్సీ ప్రాంతం నుంచి పనులకు వచ్చి డెల్టాలో ఉంటున్న కుటుంబాల పిల్లలకు కీళ్ళు, ఎముకల నొప్పులు, కామెర్లు, చేతివేళ్ళ వాపు కూడా ఉంటే సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు) పరీక్ష తప్పనిసరి.

సీసా ఎక్కడ పెట్టాలి

తియ్యగా ఉండే ఈ మందే పసిపిల్లలకు ప్రమాదం కూడా. నిండు ప్రభుత్వ సీసాలో 1000 మి.గ్రా. ఇనుము ఉంటుంది. పది కిలోల పిల్లవాడు సగం తాగితే కిలోకు 50 మి.గ్రా. కిలోకు 20 దాటితేనే విషలక్షణాలు మొదలవుతాయి, 60 దాటితే ప్రాణాపాయం. తల్లి వేసుకునే ఎర్ర ఐరన్ మాత్రలు ఇంకా ప్రమాదం, ఒక్కోదానిలో 60 మి.గ్రా. ఇనుము ఉంటుంది, చూడ్డానికి బిళ్ళల్లా ఉంటాయి. రెండూ మంచం పక్కన, టీవీ కింద, దేవుడి గూట్లో కాకుండా తాళం వేసే బీరువాలో ఉండాలి.

తాగేశాడని తెలిస్తే వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు పట్టకండి. మొదట వాంతులు, విరేచనాలు వచ్చి కొన్ని గంటలకు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ తగ్గుదల నమ్మి ఇంట్లో ఉంచేస్తే తర్వాత కాలేయం, గుండె దెబ్బతింటాయి. 108కి ఫోన్ చేసి బయల్దేరండి, సీసానూ మిగిలిన మాత్రల అట్టనూ వెంట తీసుకెళ్ళండి. ఎంత లోపలికి వెళ్ళిందో డాక్టరు వాటిని చూసే లెక్క కడతారు.